టాంకు నిండినది - ఏ టాంకు?

ఇంగ్లీషు వార్తను తెలుగు చేయునప్పుడు పెద్ద మాటలు అంతగా ఇబ్బంది పెట్టవు. ద్రవ్యోల్బణము, రాజ్యాంగ సవరణ, న్యాయస్థాన ధిక్కారము వంటివి ఎవరో ఒకరు ఎప్పుడో కుదిర్చి పెట్టినవి. చేయి చాచిన అందును. చిక్కంతయు చిన్నమాటలతోనే. అవి అందరికిని తెలిసినవి గనుక వాటి కొరకు నిఘంటువు తెరచువారుండరు. ‘టాంకు’ అట్టి మాట. ఇంగ్లీషులో నాలుగే అక్షరములు. మనకు దానికి బదులుగా ఒక తెలుగు మాట చాలదు, ఐదారు వలయును. ఒక్కొక్కచోట ఆ ఐదారును చాలవు.

వానకాలమున ఇంగ్లీషులో ఇట్టి వార్త ఒకటి వచ్చినదనుకొందము: “ఎడతెరపి లేని వానలకు జిల్లాలో పలు టాంకులు పొర్లుచున్నవి.” ఐదు నిమిషములలో వార్తలు మొదలగును. టాంకు అనగా చెరువా, కుంటయా, ఊరి నడుమ ఎత్తుగా కట్టిన నీళ్ళ టాంకీయా? పొర్లుట అనగా మత్తడి మీదుగానా, కట్ట మీదుగానా? ఈ రెండు ప్రశ్నలకు జవాబు తెలియక వ్రాసిన వాక్యము వ్యాకరణమునకు సరిపోవచ్చును గాని వినువానికి దారి చూపదు. ఆ వినువాడు జనగామ జిల్లా బచ్చన్నపేట మండలములోని ఒక రైతు అనుకొన్నచో ఈ సంగతి మరింత తేటపడును.

బచ్చన్నపేట మెట్టప్రాంతము. 1953 వరకు జనగామ తాలూకా నల్లగొండ జిల్లాలో ఉండెడిది. అటుపిమ్మట వరంగల్లు జిల్లాలో చేరినది. 2016 అక్టోబరులో జనగామయే ఒక జిల్లా అయినది. జిల్లాల పేర్లు ఇట్లు మారినను నీటి సంగతి అంత త్వరగా మారునది కాదు. చెంతనే పారు జీవనది లేదు. వానలు పడి చెరువులు, కుంటలు నిండవలెను. అవి నిండినగాని బావులలో ఊట ఊరదు. బోరుబావులును ఆ ఊట మీద ఆధారపడినవే. దేవాదుల ఎత్తిపోతల పథకముతో గోదావరి నీటిని జనగామ మెట్టకు ఎక్కించిన తరువాత గూడ, ఆ నీటిని నిలుపుకొనుటకు ఊళ్ళకు ఉన్నవి ఈ చెరువులే. అట్టి చోట చెరువు నిండినదన్న వార్తతో ఆ ఏటి లెక్కలన్నియు మొదలగును: నాట్లు ఎంతమేర వేయవచ్చును, అప్పు ఎంత తీరును, పిల్ల పెండ్లి ఈ ఏడా వచ్చే ఏడా.

ఇక మాట పుట్టుక. టాంకు అన్నది ఇంగ్లీషువారు తమ ఊరినుండి తెచ్చిన మాట కాదేమోనని పండితులకు చిరకాలముగా అనుమానము. గుజరాతీ, మరాఠీలలో నీటి తొట్టికి, నేలలో త్రవ్వి కట్టిన నీటి గదికి ‘టాంకీ’, ‘టాంకే’ అను మాటలున్నవి. రాజస్థానపు ఎడారి ఊళ్ళలో వాననీటిని దాచుకొను భూగృహమును నేటికిని ‘టాంకా’ అందురు. పోర్చుగీసువారికి ‘తాంకే’ అను మాట కలదు. ఎవరి మాట ఎవరికి చేరినదో తేల్చుట సులభము కాదు. 1886లో యూల్, బర్నెల్ అను ఇద్దరు దొరలు కూర్చిన ‘హాబ్సన్ జాబ్సన్’ అను నిఘంటువులో ఈ తగవు చాలదూరము నడచినది. మనకు కావలసినది ఒక్కటే. మన దేశపు ఇంగ్లీషులో టాంకు అనగా మొదటి అర్థము చెరువు. లండనులో అదే మాట అన్నచో ఇనుప పెట్టెయో, గాజు పెట్టెయో, ఫిరంగి బండియో కంటికి కట్టును. బ్రౌను దొర తన నిఘంటువులో చెరువునకు ఈ మాటతోనే అర్థము చెప్పినాడు. నీటిపారుదల ఇంజనీర్లు చెరువు పూర్తి నీటిమట్టమును ‘ఫుల్ టాంక్ లెవెల్’ అందురు, ఎఫ్.టి.ఎల్. అను పొడి అక్షరములు నేడు ఇండ్ల స్థలములు కొనువారికి గూడ కంఠస్థమైనవి. హైదరాబాదులో హుస్సేన్ సాగరపు కట్టకు ‘టాంక్ బండ్’ అని పేరు. పదునారవ శతాబ్దిలో కట్టిన చెరువుకట్ట అది. దాని మీద సాయంకాలము షికారు తిరుగువారిలో ఎందరు అది చెరువుకట్ట అని తలంతురో!

తెలుగువాడు నీరు నిలిచిన ప్రతి చోటికి వేరు పేరు పెట్టినాడు. ఇందులో గొప్ప ఏమియు లేదు, అవసరము అట్టిది. వాగునకు అడ్డముగా కట్ట పోసి, తూము పెట్టి, క్రింద పొలమునకు నీరిచ్చునది చెరువు. అదే చిన్నదై, వేసవిలో ఎండిపోవునట్టిదైనచో కుంట. గుడి ముందర మెట్లు కట్టినది కోనేరు. వేములవాడలో అది ధర్మగుండము, తిరుమలలో పుష్కరిణి. ఏటిలో లోతుగా నీరు నిలిచిన చోటు మడుగు. తామరలున్నది కొలను. రాజులు కట్టించిన పెద్ద చెరువులకు ‘సముద్రము’, ‘సాగరము’ అని పేరు పెట్టుట మన దేశపు ఆచారము. కాకతి గణపతిదేవుని పేర భూపాలపల్లి జిల్లా గణపురములో గణపసముద్రమున్నది. మహబూబాబాదు జిల్లా బయ్యారములో ఆయన సోదరి మైలమ కట్టించిన చెరువు ధర్మకీర్తి సముద్రము, అక్కడి శాసనము కాకతీయుల వంశక్రమము తెలుసుకొనుటకు చరిత్రకారులకు ఎంతయో అక్కరకు వచ్చినది. సముద్రము చూడని మెట్టనేలలో ఇన్ని సముద్రములు! ఇంగ్లీషువాని జాబితాలో మాత్రము ఇవన్నియు టాంకులే.

కుంటను గురించి ఒక మాట ఎక్కువ చెప్పవలెను. 2015లో తెలంగాణ ప్రభుత్వము ‘మిషన్ కాకతీయ’ అను పేర చెరువుల పూడిక తీయు పని మొదలు పెట్టినప్పుడు రాష్ట్రములో 46 వేలకు పైగా టాంకులున్నవని లెక్క చెప్పినారు. ఆ లెక్కలో చెరువులును కుంటలును కలిసి యున్నవి. దానిని తెలుగులో ‘46 వేల చెరువులు’ అని చదివినచో వినువారి కంటికి పాఖాలు, రామప్ప, లక్నవరము వంటివి కనబడును గాని ఊరి వెనుక తుమ్మచెట్ల నడుమ ఉన్న చిన్నకుంట కనబడదు. కబ్జాదారునకు ముందుగా చిక్కునది ఆ చిన్నకుంటయే. పేరు పలుకక పోయిన వస్తువు కాగితము మీదనుండి త్వరగా జారిపోవును. కనుక ‘చెరువులు, కుంటలు’ అని జంటగా చెప్పుట నాకు సమంజసముగా తోచును. రెండు క్షణములు ఎక్కువ పట్టిన పట్టుగాక.

కుంట అనబోయి గుంట అన్నచో మరియొక వింత. కోస్తా జిల్లాలలో గుంట అనగా గొయ్యి, నీరు నిలిచిన పల్లము. తెలంగాణలో గుంట భూమి కొలత. నలుబది గుంటలు ఒక ఎకరము. శ్రీకాకుళము వైపు గుంట అనగా ఆడపిల్ల. ‘వానకు రెండు గుంటలు మునిగినవి’ అని విశాఖపట్నములో ఒక తీరుగా, బచ్చన్నపేటలో మరియొక తీరుగా వినబడును. శ్రీకాకుళము మాట చెప్పనక్కరలేదు, అక్కడ కలవరమే పుట్టును.

ఇక పొర్లుట. చెరువు నిండిన పిదప మిగులు నీరు పోవుటకు కట్ట కొనయందు రాతితో కట్టిన దారి ఒకటుండును. తెలంగాణలో దానిని మత్తడి అందురు. కొన్ని చోట్ల అలుగు, కోస్తాలో కలుజు, రాయలసీమలో మరవ. నీరు ఆ దారిని పోవుట మంచి వార్త. ‘చెరువు మత్తడి దుంకుతున్నది’ అన్న కబురు వినగానే ఊరివారు చూడబోవుదురు, పూలు చల్లుదురు, పసుపు కుంకుమలతో గంగమ్మకు మ్రొక్కుదురు, కొందరు వలలు తీసుకొని చేపలకు పోవుదురు. చెరువు తన పని తాను సరిగా చేయుచున్నదనుటకు అది గుర్తు. గొలుసుకట్టు చెరువులున్న చోట పైచెరువు మత్తడి నీరే క్రింది చెరువునకు ఆధారము. అక్కడ పొర్లినగాని ఇక్కడ నిండదు.

కట్ట మీదుగా నీరు పొర్లుట దీనికి పూర్తిగా విరుద్ధము. అది మట్టికట్ట. నీరు ఒకసారి దాని తల మీదుగా దిగుట మొదలిడినచో వెనుక వాలున ఉన్న మట్టి కోసుకొనిపోవును; కోత పైకి ప్రాకును; కట్ట సన్నబడి తెగును. గండి పడిన చెరువు గంటలలో ఖాళీ యగును, ఆ నీరంతయు క్రింది చెరువు మీద పడును, గొలుసులో ఒకటి తెగిన రెండవదానికి ముప్పు వచ్చును. 2023 జులై 27న భూపాలపల్లి జిల్లాలో మోరంచవాగు పొంగి మోరంచపల్లిని ముంచినప్పుడు జనము ఇండ్ల కప్పుల మీదికెక్కి ప్రాణములు కాపాడుకొన్నారు. 2024 సెప్టెంబరు 1న కేసముద్రము దగ్గర వరదకు రైలుపట్టాల క్రింది కట్ట కొట్టుకొనిపోయి పట్టాలు గాలిలో వ్రేలాడినవి. వానలు అట్టివి వచ్చునప్పుడు, ‘టాంకు పొర్లుచున్నది’ అను ఇంగ్లీషు వాక్యములో పండుగయు ప్రమాదమును ఒకే మాట క్రింద దాగియున్నవి. అనువాదకుడు వాటిని వేరు చేయక ‘చెరువులు పొంగి పొర్లుచున్నవి’ అని ఊరకొన్నచో, వినువారిలో సగము మంది చూడబోవుదురు, సగము మంది పారిపోవుదురు. ఎవరు చేసినది సరియైనదో తెల్లవారినగాని తెలియదు.

కనుక అట్టి వార్త వచ్చినప్పుడు పంపినవారిని మరల అడుగుట తప్ప మార్గము లేదు. మత్తడి పోయుచున్నదా, కట్ట మీదికి వచ్చినదా, గండి పడినదా, లేక గండి పడునేమోనని తామే ఒక ప్రక్క తెంపి నీరు వదలినారా? ఈ నాలుగును నాలుగు వార్తలు. జిల్లా కార్యాలయములో ఫోను ఎత్తినవారు ఇంగ్లీషులో జవాబు చెప్పినను, ‘మత్తడా, కట్టనా?’ అని తెలుగులో అడిగినచో వెంటనే తేలిపోవును. ఇంగ్లీషు మాట కప్పిపెట్టిన దానిని తెలుగు ప్రశ్న బయటపెట్టుట నేను పలుమారులు చూచితిని.

చెరువు లోపలి నేలకు ఇంగ్లీషులో ‘టాంక్ బెడ్’ అందురు. బెడ్ అనగా పడక అని బడిపిల్లలకు గూడ తెలియును; ఆసుపత్రి వార్తలలో అది పడకయే. చెరువునకు వచ్చినప్పుడు కోస్తావారు చెరువు గర్భమందురు. తెలంగాణ రెవెన్యూ కాగితములలో అది శిఖము. ఈ శిఖమునకు కొండశిఖరముతో చుట్టరికము లేదు. పారసీలో ‘శికమ్’ అనగా పొట్ట. గర్భమన్న తెలుగువాడును, శికమ్ అన్న పారసీవాడును చెరువును చూచి ఒకే విధముగా భావించినారు. ఇంగ్లీషువానికి మాత్రము పడక గుర్తుకు వచ్చినది. శిఖము భూమి ఎవరి పేర వ్రాసియున్నది, ఎండిన ఏట అందులో ఎవరు సాగు చేయవచ్చును అన్నవి ఊళ్ళలో కోర్టుల దాక పోవు తగవులు. అట్టి తీర్పు వార్తలో ‘చెరువు అడుగు భూమి’ అని క్రొత్తమాట కల్పించిన బచ్చన్నపేటలో ఎవరికిని పట్టదు. శిఖము అన్నచో ముసలివారు గూడ చెవి నిక్కింతురు. ఇట్లే ఆ అడుగున పేరుకొన్న మట్టి. చెరువులో ఉన్నంతవరకు అది పూడిక, పీడ. బండ్ల మీద పొలమునకు చేరగానే ఒండ్రు, ఎరువు. ఇంగ్లీషులో రెండు చోట్ల ఒకే మాట.

ఇంటిలోని టాంకుల సంగతి వేరు. వానలు వెనుకబట్టగానే ఆరోగ్యశాఖవారు డెంగీ జ్వరమును గురించి ప్రకటనలు పంపుదురు. ‘వారమునకు ఒకసారి టాంకులను ఖాళీచేసి, తోమి, ఆరబెట్టవలెను’ అని అందులో ఉండును. ఇక్కడ చెరువు అని వ్రాయువాడుండడు గాని, ‘టాంకు’ అని అట్లే వదలువారు కలరు. అప్పుడు వినువారు డాబా మీది నల్లని ప్లాస్టిక్ టాంకును తలచుకొని, ‘దానికి మూత ఉన్నదిలే’ అని నిమ్మళముగా ఉందురు. డెంగీని మోయు దోమ మంచినీటిలో, ఇంటి చుట్టునే గ్రుడ్లు పెట్టును; గ్రుడ్డు దోమ యగుటకు ఇంచుమించు వారము పది దినములు పట్టును గనుకనే వారమునకొకసారి ఆరబెట్టుమనుట. ఆ నీరు ఉండునది వాకిట గోలెములో, స్నానాల గదిలోని హౌజులో, పసులు త్రాగు తొట్టిలో, కూలరు అడుగున, కోడికి పెట్టిన చిప్పలో. ఆ పేర్లన్నియు వరుసగా చదివినచో ప్రకటన పొడవగును, నిజమే, చదువుట మేలు. గోలెము అని చెవిని పడగానే ఇల్లాలు తన వాకిలి వైపు చూచును. కోస్తా కేంద్రము నుండి చదువువారు గోలెమునకు బదులు గాబు అనవలెను. అదే ఆరోగ్యశాఖ మలేరియాను గురించి వ్రాయుచు ‘టాంకులలో గంబూసియా చేపలు వదలినారు’ అన్నచో అది మరల కుంటయు చెరువును! ఒకే కార్యాలయము, ఒకే కాగితము, రెండు టాంకులు.

హౌజు అరబ్బీ మాట. ఢిల్లీలో ‘హౌజ్ ఖాస్’ అనగా సుల్తాను త్రవ్వించిన పెద్ద తటాకము. తెలంగాణ ఇంటిలో హౌజు అనగా నాలుగు బిందెల నీరు పట్టు సిమెంటు గూడు. మాటలు గూడ ఎండాకాలపు చెరువువలె కుంచించుకొనిపోవును.

ఈ ఇక్కట్టు మనకే వచ్చినదా? అమెరికాలో స్థిరపడిన మన తెలుగు పిల్లలలో ఇంగ్లీషుకు తోడు స్పానిషు నేర్చుకొనువారు కలరు. టెక్సాసు, కాలిఫోర్నియాలలో ఇంగ్లీషు తరువాత ఎక్కువగా వినబడు భాష అదియే. వారిని అడిగి చూడండి. ఉద్యానములోని కొలను స్పానిషులో ‘ఎస్తాంకే’. మాద్రిదు నగరపు రెతీరో ఉద్యానములో పడవలు తిరుగు నీటికి అదియే పేరు. ఆనకట్ట వెనుక నిలిచిన జలాశయము ‘ఎంబాల్సే’. నేలలో కట్టి వాననీరు దాచునది ‘అల్హీబే’. ఇది అరబ్బీ మాటకు స్పానిషు రూపము, మన హౌజు వంటిదే. కారులో పెట్రోలు పోయు టాంకు స్పెయినులో ‘దెపోసితో’, మెక్సికోలో ‘తాంకే’. చిలీ దేశములోనైతే అది ‘ఎస్తాంకే’! మాద్రిదువాడు చిలీ పోయి, ‘ఎస్తాంకే నింపుము’ అన్న మాట వినినచో పెట్రోలును కొలనులో పోయుమనుచున్నారా అని విస్తుపోవలసినదే. డాబా మీది నీళ్ళ టాంకునకు మెక్సికోలో ‘తినాకో’ అని వేరు పేరు. మధ్య అమెరికా దేశములలో బట్టలుతుకు చోట కట్టిన నీటి తొట్టి ‘పీలా’; అక్కడను డెంగీ దోమ దానిలోనే పెరుగును. ఆ పీలాకే బ్యాటరీ అని మరియొక అర్థము. ఆ దేశములలో ఆరోగ్య ప్రకటన వ్రాయువానికిని ఏ దేశము కొరకు వ్రాయుచున్నాడో తెలియక కలము సాగదు. మనము గోలెమా, గాబా అని తర్కించుకొనుట వంటిదే అది.

యుద్ధములోని టాంకునకు ఆ పేరు వచ్చుటయే ఒక మారుపేరుతో. మొదటి ప్రపంచ యుద్ధములో ఆంగ్లేయులు ఆ ఉక్కుబండిని తయారు చేయునప్పుడు గుట్టు బయటపడకుండ నీటి తొట్లు చేయుచున్నామని చెప్పుకొన్నారు. 1916 సెప్టెంబరు 15న సోమ్ నది దగ్గరి పోరులో అవి మొదటిసారి కదలినవి. గుట్టు పోయినను పేరు మిగిలినది. 1965 సెప్టెంబరులో ఖేమ్‌కరణ్ దగ్గర అసల్ ఉత్తర్ పోరులో పాకిస్తాను ప్యాటన్ టాంకులు పెద్ద సంఖ్యలో ధ్వంసమైనవి. దీనికి తెలుగు చేయబోయి ‘ఉక్కు శకటము’, ‘కవచ రథము’ అనిన కొంత హాస్యము పుట్టును. రథమనగానే భారత యుద్ధము గుర్తుకు వచ్చును. ఇక్కడ ‘యుద్ధ టాంకు’ అనుటయే మేలు. ప్రాణవాయువు టాంకు అని అమెరికావారనునది మనకు సిలిండరు. ఇంగ్లీషు మాటకు మరియొక ఇంగ్లీషు మాటయే తెలుగైనది. ప్రభుత్వమునకు సలహాలిచ్చు పండితుల సంస్థను ‘థింక్ టాంక్’ అందురు. దీనికి స్పానిషువారు ‘భావముల ప్రయోగశాల’ అను అర్థము వచ్చునట్లు పేరు కుదిర్చినారు. మన పత్రికలు ‘మేధో బృందము’ అనుచున్నవి. ఫరవాలేదు, కనీసము అందులో నీరు లేదు.

మోటారు బండికి, డాబాకు, సైన్యమునకు ‘టాంకు’ తెలుగైపోయినది. దానిని తరిమివేయ బూనుట వృథా ప్రయాస. తెలంగాణ నోట అది ‘టాంకీ’ యగుటయు ముచ్చటగనే యున్నది. చెరువునకు మాత్రము ఆ మాటను రానీయకుండుట నా నియమము. ఒకసారి చెరువు టాంకైనచో మత్తడి ‘వియర్’ అగును, తూము ‘స్లూయిస్’ అగును, శిఖము ‘బెడ్’ అగును, నీరు వదలు నీరటివాడు ఏదో ‘ఆపరేటర్’ అగును. మాటలు పోయిన చోట వాటిని ఎరిగిన మనుష్యుల పెత్తనమును పోవును.

మిగిలినది ఒక చిన్న తగవు: రాష్ట్రమంతటికి చదువు వార్తలలో మత్తడి అనవలెనా, అలుగు అనవలెనా? వరంగల్లు, జనగామ వైపు కొరకు చదువునప్పుడు మత్తడి అన్నచో అడ్డు చెప్పువారుండరు. అందరి కొరకు చదువునప్పుడు మొదటిసారి ‘మత్తడి, అనగా అలుగు’ అని ఒక్క ఊపిరిలో చదివి, తరువాత మత్తడి అనియే సాగుట మేలని నాకు తోచును. కలుజు, మరవ అనువారికి అప్పటికే సంగతి తెలిసిపోవును. వారి చెరువును నిండియే యుండును.